పురుగు తిన్న మూడోనాడు

ఒకటో రోజు

రాసుకో, పెట్టె. నా పేరు సూరాడ అసిరితల్లి. వయసు డెబ్బై ఎనిమిది. కొండను మెట్లుగా కోసి కట్టిన ఊళ్ళలో ఏడో మెట్టు, తూర్పు వాడ. నాకు చదువు రాదు. చదువు రానివాళ్ళు తమ వాదం నోటితో చెప్పుకోవడానికి తీర్పుమండలి నిన్ను ఇరవై ఒక్క రోజుల పాటు నా ఇంట్లో పెట్టింది. నేను చెప్పేది నువ్వు పుస్తకాల తెలుగులోకి మారుస్తావట. మార్చుకో. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచు. ఒకసారి చెప్పింది చెరపడం కుదరదని కూడా నిన్ను తెచ్చినవాడు అన్నాడు. మంచిదే. చెప్పి చెరుపుకునే మనిషిని కాను.

సంగతి ఇది. నేను నల్లజ్వరానికి కరుగాకు రసం ఇస్తాను. ఇసుక ఈగ కుడితే వచ్చే జ్వరం అది. ఒళ్ళు నల్లబడి మనిషి చిక్కిపోతాడు. ఎడమ పక్కటెముక కింద గట్టిగా వాపు లేస్తుంది, దాన్నే బల్ల అంటాం. అది ఎన్ని వేళ్ళు కిందికి దిగిందో నొక్కి చూస్తే మనిషి ఎంత దూరం వెళ్ళాడో తెలుస్తుంది. ఆస్పత్రి యంత్రం అచ్చువేసే బిళ్ళలు ఒకప్పుడు దీన్ని తగ్గించేవి. రెండేళ్ళుగా తగ్గించడం లేదు. జ్వరం క్రిమి బిళ్ళలకు అలవాటు పడిపోయిందని వాళ్ళే చెప్పారు. ఈ రెండేళ్ళలో ఇరవై ముగ్గురు నా గుమ్మం ఎక్కారు. ఇరవై ఒక్కరు లేచి తిరుగుతున్నారు. పోయిన ఇద్దరి పేర్లూ దాచను. గనగళ్ళ రాములు, వాసుపల్లి చిన్నమ్మి. ఇద్దరినీ ఆలస్యంగా మోసుకొచ్చారు.

నిన్న మందుల తనిఖీ అధికారి ఇందుమతి దగ్గరనుంచి కాగితం వచ్చింది. నా మరిది దానయ్య చదివాడు. నా మడిలోంచి తీసుకెళ్ళిన ఆకులో మందుగుణం బొత్తిగా లేదట. అందుకని ఉత్తి మందు చట్టం కింద ఇరవై రెండో రోజున నా మడి తగలబెడతారట. అడవిలోని కరుగాకు ఎండలకు ఏనాడో మాడిపోయింది. నీడగుడ్డ కింద నేను కాపాడిన ఆరు వరసలే ఈ కొండమీద మిగిలాయి. అవి పోతే వచ్చే జ్వరాల కాలానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

చట్టం చెడ్డదని నేను అనను. జ్వరం మొదలైన ఏడు బూడిదను పొట్లాలు కట్టి అమ్మినవాళ్ళను నేను చూశాను. ఆ పొట్లాలు నమ్మి పోయినవాళ్ళకు స్నానం చేయించిన చేతులివి. ఆ దొంగల కోసం పుట్టిన చట్టం నా మీద పెట్టారు. అదే నా కోపం.

రెండో రోజు

తెల్లవారుజామున మంచు వలలు దులపడానికి వెళ్ళాను. మా అత్తల కాలంలో ఈ వలలతో చేపలు పట్టేవారు. సముద్రం ఊళ్ళమీదికి వచ్చేశాక వలలు భుజాన వేసుకుని కొండెక్కారు. ఇప్పుడు వాటినే గాలికి అడ్డంగా కట్టి మంచు పడతాం. ఇక బయట తిరగొద్దని ఎండకూత మోగేలోగా నీళ్ళు తొట్టికి చేరాలి, గోడ పగుళ్ళలో సున్నంమట్టి కూరాలి. ఆ పగుళ్ళలోనే ఇసుక ఈగ కాపురం.

దానయ్య పక్క వల దులుపుతున్నాడు.

"వొదినా, మడి కాలిపోతే ఆ బూడిదేటి సేస్తావు?"

"నీ నోట్లో కొడతాను."

"నా నోట్లో నీ సేతి కూరే ఇంకా అరగనేదు. సోటెక్కడున్నాది?"

నవ్వాను. తర్వాత పనిలో పడి ఆలోచించాను. నేను ఇచ్చిన ఆకుకు ఏ లోపమూ లేదు. తనిఖీకి వస్తున్నామని నెల ముందు కబురు వచ్చింది. అదే రోజున రెండు వరసలు కత్తిరించాను. కొత్త చిగురు రాగానే ఇసుక ఈగ కూడా దూరని సన్న దోమతెర కప్పాను. ఒక్క చిల్లు లేకుండా ఆకు అరచేయంత పెరిగింది. పురుగు కొరికిన ఆకును ఇంటికొచ్చిన మనిషి చేతిలో పెట్టడం మా వాడలో లేదు. వచ్చింది తీర్పుమండలి మనిషి కూడానూ.

ఇందుమతి ఆ ఆకు చూసి, "ఇంత శుభ్రమైన పంట ఏ మెట్టు మీదా చూడలేదమ్మా," అంది. ఆ మాటకు వారం రోజులు గర్వంగా తిరిగాను.

అప్పటికే మందు మొదలుపెట్టిన రోగి ఒకరికి, సాక్ష్యంగా, దాన్ని కొనసాగించవచ్చని చట్టంలో ఉంది. నా రోగి కాసులమ్మ. వలలు అల్లే మనిషి, నలభై లోపు. నా మందు పది రోజులు తాగింది. బల్ల అయిదు వేళ్ళనుంచి రెండుకు వచ్చింది. ఈ రోజునుంచి ఆమెకు కూడా తెర కింది ఆకే ఇస్తాను. తనిఖీకిచ్చిన ఆకు వేరు, మనిషికిచ్చింది వేరు అని ఎవరూ అనకూడదు. అదే ఆకుతో కాసులమ్మ లేచి తీర్పుమండలి ముందు నడవాలి. అప్పుడు వాళ్ళ యంత్రం ఏమంటుందో చూస్తాను.

ఆరో రోజు

కాసులమ్మకు పొద్దున రసం పట్టాను. అందులో ఎప్పటిలాగే తాటిబెల్లం వేశాను. గటగటా తాగేసింది.

"పెద్దమ్మా, ఈ మజ్జిన మందు కమ్మగా దిగతంది. ముందర తాగితే పేగులు నోట్లోకొచ్చీవి."

"సరుకు అలాంటిది. సర్కారుకి పెట్టిన ఆకే నీకూ పెడతన్నాను. మా రాణీవి కాదేటి?"

మధ్యాహ్నానికి కొంచెం ఒళ్ళు వెచ్చబడింది. ఎండ అనుకున్నాను.

తొమ్మిదో రోజు

ఎండ కాదు. జ్వరం తిరిగి వచ్చింది. పొద్దున పక్కటెముక కింద చెయ్యి పెట్టాను. నాలుగు వేళ్ళు. రెండోసారి నొక్కి చూశాను. నాలుగే. కాసులమ్మ నా మొహం చూస్తోందని తెలిసి వేరే మాట మాట్లాడాను.

బయటికి వస్తే దానయ్య గోడకు మట్టి మెత్తుతున్నాడు. చెప్పాను.

"సెట్టు ముసిల్దైపోయిందేమో వొదినా. నీ లాగే."

నాకు కోపం రాలేదు. రాకపోయేసరికి వాడు చేతిలో మట్టి పారేసి నా పక్కన కూర్చున్నాడు.

అప్పుడు నాకు కాసులమ్మ అన్న మాట గుర్తొచ్చింది. కమ్మగా దిగుతోందట. కరుగాకు ఎప్పుడు కమ్మగా దిగింది? యాభై ఏళ్ళుగా ఇస్తున్నాను. తాగిన ప్రతివాడూ నన్ను తిట్టుకుంటూనే తాగాడు. లేచి మడిలోకి వెళ్ళి తెర ఎత్తి ఒక ఆకు తెంపి నమిలాను. గడ్డి రుచి. పశువు కూడా రెండోసారి మూతి పెట్టదు. తెర లేని వరసకు వెళ్ళాను. గొంగళిపురుగులు జల్లెడ చేసిన కొమ్మనుంచి ఒక ఆకు నమిలాను. దవడ బిగుసుకుపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెవుల వెనక కూడా చేదు.

అక్కడే మట్టిలో కూర్చున్నాను.

మా అత్త కొండెక్కిన కొత్తలో ఇక్కడి ఆడవాళ్ళ దగ్గర ఈ ఆకు నేర్చుకుంది. పురుగు తిన్న మూడోనాడు కొయ్యమని వాళ్ళు చెప్పారు. ఎందుకని ఆమె అడగలేదు. జాలరిదానికి అడగాల్సిన పని ఏముంది? వలలో మొదటి చేప గంగమ్మది, దాన్ని మళ్ళీ నీళ్ళలో వదలడం మా ఇంటి పద్ధతి. ఆకులో మొదటి వాటా పురుగుది అనుకుంది. నాకూ అలాగే నేర్పింది. అందుకే తెర కప్పినప్పుడు నాకు ఏ తప్పూ కనబడలేదు. పురుగుకు నాలుగు వరసలు వదిలాను కదా, దాని వాటాకు లోటు లేదు కదా అనుకున్నాను. ఆ ఆడవాళ్ళు మందు చెప్పారు. మేము మర్యాద అనుకున్నాం.

కాసులమ్మకు అప్పుడే తెర లేని వరస ఆకు దంచి రసం పట్టాను. తాగి, వాంతి ఆపుకుని, నన్ను బూతు తిట్టింది. ఆ తిట్టు నాకు దీవెనలా వినిపించింది.

పదో రోజు

ఊహ ఒక్కటే చాలదు. ఒక వరసకు తెర తీసేశాను. వేరే వరసల్లోంచి ఇరవై గొంగళిపురుగులను ఏరి దానిమీద వేశాను. చేతుల నిండా దద్దుర్లు. రెండో వరసకు తెర అలాగే ఉంచాను. నేల అదే, నీళ్ళు అవే, చిగురు వేసిన రోజూ అదే. పురుగు ఒక్కటే తేడా.

తర్వాత కాసులమ్మ మంచం దగ్గరకు వెళ్ళి చెప్పాను. ఇలాంటివి నిలబడి చెప్పాలి. నిలబడే చెప్పాను.

ఆమె మోచేతి మీద లేచి నా వైపు తిరిగింది.

"అయితే ఇన్నాళ్ళూ నాకు గడ్డి తాపినావా పెద్దమ్మా?"

"తాపినాను."

"బెల్లమేసి?"

"బెల్లమేసే."

"పాలిచ్చీదాన్ని. పితుక్కోనేదు నువ్వు."

ఆ మాటకు ఇద్దరం నవ్వాం. ఆమెకు నవ్వితే బల్ల నొప్పి. పక్క పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు మధ్యలో ఆగిపోయింది.

పదమూడో రోజు

పురుగు వేసి ఇవాళ మూడోనాడు. సాక్షిగా దానయ్యను మడిలోకి తీసుకెళ్ళాను. తెర కింది ఆకు నమలమన్నాను. నమిలి, "తోటకూర," అన్నాడు. పురుగు వేసిన వరసలో, కాటు పడిన ఆకును కాదు, దాని పక్కనున్న బాగున్న ఆకును తెంపి ఇచ్చాను. నమిలాడు. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత పరిగెత్తి తొట్టిలో తల ముంచాడు. మంచినీళ్ళ తొట్టి. ఇంకో రోజైతే కర్ర పుచ్చుకునేదాన్ని.

ఒక ఆకును కొరికితే చెట్టంతా చేదెక్కుతోంది. కోపం వచ్చిన మనిషికి ఒళ్ళంతా వేడెక్కినట్టు. పురుగును తరమడానికి చెట్టు చేసుకునే విషమే మా జ్వరం క్రిమిని చంపుతోంది. ఇది నేను అనుకుంటున్నది. మీ యంత్రం వేరే మాట చెబితే వింటాను. చేదు సంగతి మాత్రం నాకు చెప్పక్కరలేదు.

కాసులమ్మకు జ్వరం దిగింది. బల్ల మూడు వేళ్ళు.

ఇక చట్టం. దానయ్య తల తుడుచుకుని చదివాడు. రెండోసారి పరీక్ష అడగడానికి రెండు దారులున్నాయి. ఆకు పాడవడం తనిఖీ వాళ్ళ తప్పయితే, మళ్ళీ పరీక్ష చేస్తారు, వైద్యురాలికి ఏమీ కాదు. తప్పు వైద్యురాలిదయితే, పరీక్ష చేస్తారు. ఆకు మంచిదని తేలితే మడి మిగులుతుంది. కాని తెలిసో తెలియకో ఉత్తి మందు తాపినందుకు ఆమె ఇక జన్మలో రోగిని తాకకూడదు, మందు కలపకూడదు.

చదవడం అయ్యాక దానయ్య గొంతు తగ్గించాడు.

"వొదినా, ఆ తనికీ అమ్మాయి ఆకు అట్టుకెళ్ళిన రోజు తీగబండి మద్దిలో ఆగిపోనాది, గుర్తున్నాదా? రెండు గంటలు గాల్లో ఏలాడింది. ఆ అమ్మాయి సల్లపెట్టె కరంటు నేక సచ్చిపోనాది. నాను సూసినాను. ఆకు ఆ పెట్టెలో ఉడికిపోనాదని ఒక్క మాట సెప్పు. మడీ ఉంటాది, నీ సెయ్యీ ఉంటాది."

"ఆ పిల్లకేటవుతాది?"

"ఏటవుతాది. ఇంకో మెట్టుకి తోసేస్తారు. కుర్రది, బతికేస్తాది."

"మరి ఈ రోజు వరకూ నాను సెప్పిందంతా ఈ పెట్టె ఇన్నాది గదా."

"గడ్డి తాపినానని నువ్వు సెప్పినావు గాని, అదే మొదటి ఆకు ఉత్తిదవడానికి కారనమని ఎవుడు రుజువు సేస్తాడు? ఇనుకో వొదినా. రోగం వొచ్చినోడికి నీ సెయ్యి కావాల. నిజం తరవాత సూసుకుందారి."

వాడు దుర్మార్గుడు కాడు. మొన్నటేడు వాడి బల్ల కరిగించింది ఈ చెయ్యే. అందుకే వాడికి ఈ చెయ్యి మీద ఆశ.

పద్నాలుగో రోజు

రాసుకో, పెట్టె. ఇది తీర్పుమండలికి నా మాట.

చల్లపెట్టె కథ చెబితే నా చెయ్యి మిగులుతుంది. కాని ఆ కథ ప్రకారం ఆకుకు కావలసింది చల్లదనం, పురుగు కాదు. రేపు ప్రతి మెట్టు మీదా ఈ ఆకును అద్దాల గదుల్లో, పురుగు సోకకుండా, చల్లచల్లగా పెంచుతారు. గడ్డి పెంచుతారు. జ్వరంతో ఉన్నవాళ్ళకు గడ్డి తాపుతారు. నేను ఒక్కదానికి తాపాను. నా అబద్ధం కొండంతటికీ తాపుతుంది.

కాబట్టి తప్పు నాది. పరువు కోసం తెర కప్పాను. ఇంటికొచ్చిన అధికారికి మంచి ఆకు పెట్టాననుకుని ఉత్తి ఆకు పెట్టాను. అదే ఆకు మైలపల్లి కాసులమ్మకు ఎనిమిది రోజులు పట్టాను. రెండోసారి పరీక్ష కోరుతున్నాను. పురుగు తిన్న మూడోనాడు, నా కళ్ళముందు కొయ్యాలి. మడి తగలబెట్టకండి.

నేను బతిమాలుతున్నానని అనుకోవద్దు. ఈ కొండమీద తన తప్పు తానే పట్టుకున్న వైద్యురాలిని నేను. మీ పరీక్ష "లేదు" అని మాత్రమే చెప్పింది. ఎందుకు లేదో నేను చెప్పాను.

పదిహేడో రోజు

ఇందుమతి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. తీగబండి దిగి నేరుగా మడిలోకి నడిచింది. దానయ్య తిన్నె మీద కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాడు. పురుగులున్న కొమ్మ దగ్గర ఆమె చాలాసేపు వంగి నిలబడింది.

"అసిరితల్లిగారూ, మీకో విషయం చెప్పాలి. పోయిన ఏడాది మీ దగ్గర తీసుకున్న కొమ్మల్ని మేము అద్దాల గదిలో పెంచాం. ఒక్క పురుగును కూడా రానివ్వలేదు. పద్నాలుగు సార్లు పరీక్ష చేశాం. ఏమీ రాలేదు, పీకి పారేశాం. అందుకే మీ ఆకు కూడా ఉత్తిదేనని తేలగానే నాకు ఆశ్చర్యం అనిపించలేదు."

"ఒకే తప్పు ఇద్దరం సేసినాం. నాకు నెల పట్టింది. మీకు ఏడాది."

ఆమె తల దించుకుని కొంచెం నవ్వింది. తర్వాత అంది.

"తీగబండి ఆగిన రోజు నా పెట్టె ఆగిపోయింది. మీరు ఆ మాట చెప్పి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు."

"తెలుసమ్మా. మా మరిది సూసినాడు."

దానయ్య తిన్నె మీదనుంచి లేచి వెళ్ళిపోయాడు.

కోసిన ఆకులు రెండు సంచుల్లో కట్టింది. ఒకటి తెర కిందది, ఒకటి పురుగు తిన్నది. నేను రోజూ ఒక కొమ్మకు పురుగులు వేస్తూ వచ్చాను కాబట్టి నిన్నటిదీ, మూడోనాటిదీ, వారం నాటిదీ అందులో వేరువేరుగా చుట్టింది. సంచుల మీద ఏదో రాసుకుంది. ఏమి రాసిందని అడగలేదు. ఎవరు తప్పు రాసినా ఆకు మారదు.

ఇరవయ్యో రోజు

తీర్పు వచ్చింది. ఇందుమతి తీగబండిలో పైకి వచ్చి, వాడంతా వింటుండగా చదివింది. తెర కింద ఆకులో మందుగుణం లేదు. పురుగు తిన్న చెట్టు ఆకులో ఉంది, మూడోనాడు అన్నిటికంటే ఎక్కువ ఉంది. ఆస్పత్రి గాజుబుడ్డిలో పెంచే జ్వరం క్రిమి మీద ఆ రసం వేస్తే క్రిమి చచ్చింది. మడి తగలబెట్టే ఉత్తర్వు రద్దు. అయిదు మెట్లకు కొమ్మలు ఇవ్వాలి, పురుగులతో సహా. ఈ పద్ధతి సూరాడ అసిరితల్లి చెప్పిందని కాగితంలో ఉంటుంది. మా అత్త పేరు, ఆమెకు నేర్పిన కొండ ఆడవాళ్ళ మాట కూడా చేర్చమన్నాను. చేర్చింది.

తర్వాత రెండో కాగితం. రోగిని తాకకూడదు. మందు కలపకూడదు. ఆ ముక్క గొణిగినట్టు చదివింది.

"గట్టిగా సదువమ్మా," అన్నాను. "ఎనకున్నోళ్ళకి ఇనబడనేదు."

మళ్ళీ చదివింది. నేను తల ఎత్తే ఉన్నాను.

"సెయ్యి పోనాది," అన్నాను దానయ్యతో. "నోరెవుడూ పట్టుకుపోనేదు."

ఇరవై ఒకటో రోజు

రేపు నిన్ను తీసుకెళ్ళిపోతారు, పెట్టె. ఇది ఆఖరు.

మూడో మెట్టునుంచి ఒక మనిషిని తీగబండిలో పంపారు. మేస్త్రీ అట. నలుపెక్కి, కాళ్ళు పుల్లలై ఉన్నాడు. అరుగుమీద పడుకోబెట్టారు. నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. వెనక్కి లాక్కున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

కాసులమ్మ వచ్చింది. ఇంకా మందులోనే ఉంది, జ్వరం మాత్రం లేదు. రెండు రోజులుగా ఆమెకు ఆకు చూపిస్తున్నాను. నోటితోనే. వల ముడి వేసే వేళ్ళు, ఏ పని చెప్పినా పట్టుకుంటాయి. చెయ్యి పోయిన మనిషికి చెయ్యిగా ఉంటానని తనే అడిగింది. గడ్డి తాపినదానికి నువ్వెందుకే అంటే, "నీ మందు తిట్టుకుంటా తాగినోళ్ళలో ఇప్పుడు నాకంటే ఎక్కువ తెలిసినోళ్ళెవుళ్ళు?" అంది.

మేస్త్రీ పక్కటెముక కింద ఆమె వేళ్ళు పెట్టింది. నేను అతని ఊపిరి చూస్తున్నాను. నొక్కుతుంటే అది ఎక్కడ బిగపడుతుందో అక్కడే బల్ల.

"ఎన్ని?"

"మూడు."

"నాలుగు. నీయి వల లాగిన ఏళ్ళు, లావు. నా ఏళ్ళకైతే నాలుగు."

ఆమె చెయ్యి తియ్యలేదు. మళ్ళీ నిదానంగా నొక్కింది.

"మూడే పెద్దమ్మా. రేపూ నొక్కీది నానే, ఎల్లుండీ నానే. ఇకమీదట కొలత నా ఏళ్ళదే గదా."

యాభై ఏళ్ళలో నా లెక్కకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. మేస్త్రీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. పాపం, తన కడుపు ఎవరిదో తేలక. నాకు చెప్పాల్సిన మాటలు చాలా వచ్చాయి. అన్నీ మింగాను. ఆమె చెప్పింది నిజం.

మూడు అని రాసుకో, పెట్టె. కాసులమ్మ వేళ్ళతో మూడు.